తట్టు వ్యాధి చరిత్ర – ఊరి లెక్క

గ్రామచరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా దేవాలయ శాసనములను, కైఫీయతులను, చెఱువులు త్రవ్వించిన దాతల పేళ్లను సేకరింతురు. ఏ యేట వరద వచ్చెనో, ఏ యేట కరవు వచ్చెనో వృద్ధులనడిగి తెలిసికొందురు. అయితే ఒక లెక్క మాత్రము శాసనములలోను దొరకదు, కైఫీయతులలోను దొరకదు. అది పుట్టి ఐదేండ్లయినను నిండకుండ కన్నుమూసిన పసిబిడ్డల లెక్క. వెనుకటి కాలమున అట్టి బిడ్డ లేని యిల్లు అరుదు. అందుచేతనే ముసలమ్మలను పలుకరించునప్పుడు పుట్టినవారెందఱు, దక్కినవారెందఱు అని వేఱువేఱుగా అడుగుట వాడుక అయినది. ఆ రెండు సంఖ్యల నడుమనున్న భేదమునకు కారణమైన వ్యాధులలో తట్టు ఒకటి.

దీనిని కొన్ని ప్రాంతములలో పొంగు అనియు అందురు. ఆసుపత్రి కాగితములలో మీజిల్స్ అని వ్రాయుదురు. మశూచిని, ఆటలమ్మను, తట్టును కూడ అమ్మవారి పేరనే చెప్పుకొనుట మన పల్లెలలో చిరకాలముగా ఉన్నది. ఈ మూడింటిలో మశూచి ప్రపంచమునుండి పూర్తిగా తొలగినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. తట్టు తొలగలేదు. పైగా, బిడ్డలందఱికి ఒకసారి వచ్చి పోవునదే గదా యను భావము దానియెడ జనులలో నిలిచియున్నది. టీకా లేని కాలమున అది అందఱికి వచ్చుట నిజము. వచ్చి ఊరక పోవుట మాత్రము అందఱి విషయమున నిజము కాలేదు.

తట్టు వైరస్ అను అతిసూక్ష్మజీవి వలన కలుగు వ్యాధి. రోగి దగ్గినను, తుమ్మినను ఆ వైరస్ గాలిలో చేరును. రోగి గది విడిచి వెళ్లిన పిమ్మట గూడ రెండు గంటల వరకు అక్కడి గాలిలో నిలిచియుండగలదు. సోకిన పది పండ్రెండు దినములకు జ్వరము, జలుబు, దగ్గు, కన్నులెఱ్ఱబాఱుట మొదలగును. మఱి రెండు మూడు దినములకు చెవుల వెనుకను, ముఖము మీదను ఎఱ్ఱని దద్దు పొడసూపి క్రమముగా ఒడలెల్ల ప్రాకును. పెక్కుమంది బిడ్డలు కొలది దినములలో తేరుకొందురు. కొందఱికి మాత్రము రోగము ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియాగా మాఱును. కొందఱికి విరేచనములు పట్టుకొనును. పోషణ చాలక విటమిన్ ఏ కొఱవడిన బిడ్డలకు కంటి చూపే పోవచ్చును. సుమారు వేయిమందిలో ఒకరికి మెదడువాపు వచ్చును. ఈ వైరస్‌ను నేరుగా చంపు మందు లేదు. వైద్యులు విటమిన్ ఏ మోతాదులిచ్చి, ఒంటిలో నీరు తగ్గకుండ చూచి, వచ్చిన ఉపద్రవములకు చికిత్స చేయుదురు.

ఈ వ్యాధిని మశూచినుండి వేఱుచేసి విపులముగా వ్రాసినవాడు పారశీక దేశపు వైద్యుడు రాజీ. ఆయన తొమ్మిది పది శతాబ్దుల సంధికాలమున జీవించెను. మశూచిని, తట్టును గూర్చి ఆయన ప్రత్యేకముగా ఒక గ్రంథము రచించెను. అంత ప్రాచీన కాలముననే వ్యాధి గుర్తింపబడినను, అది ఒక ఊరికి ఎట్లు వచ్చును, ఎట్లు పోవును, మఱల ఎందుకు వచ్చును అను ప్రశ్నలకు సమాధానము దొరకుటకు మఱి తొమ్మిది వందల ఏండ్లు పట్టినది. ఆ సమాధానము మహానగరములలోని ఆసుపత్రులలో గాక సముద్రమధ్యముననున్న చిన్న పల్లెలలో దొరకుట విశేషము.

ఐరోపా ఖండమునకు వాయవ్యముగా, ఉత్తర అట్లాంటిక్ సముద్రములో ఫారో ద్వీపములను చిన్న దీవుల గుంపు కలదు. అది డెన్మార్కు రాజ్యమునకు చెందినది. 1781లో అక్కడ తట్టు ప్రబలి పోయినది. ఆ తరువాత 65 సంవత్సరముల పాటు ఆ వ్యాధి దీవులలో కనబడలేదు. 1846 మార్చి మాసాంతమున కోపెన్‌హేగన్ నగరమునుండి ఓడలో వచ్చిన ఒక వడ్రంగి దానిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆనాటి దీవుల జనసంఖ్య 7,782. కొలది మాసములలోనే వారిలో సుమారు 6,000 మంది మంచము పట్టిరి. నూటికి పైగా మరణించిరి. డెన్మార్కు ప్రభుత్వము పానుమ్ అను పాతికేండ్ల యువవైద్యుని, ఆయనతో మానికుస్ అను మఱియొక వైద్యుని అక్కడికి పంపెను.

పానుమ్ పల్లె పల్లె తిరిగి, ఎవరికి ఏ దినమున దద్దు కనిపించెనో, అంతకుముందు వారు ఎవరిని కలిసికొనిరో వ్రాసికొనెను. జూన్ 4వ తేదీన ట్యోర్నువీక్ అను పల్లెనుండి ఒక పడవలో పదిమంది మగవారు వేఱొక గ్రామమునకు తిమింగలముల వేటకు పోయిరి. జూన్ 18వ తేదీన ఆ పదిమందికిని ఒక్కమారుగా దద్దు లేచినది. రోగము సోకినది మొదలు దద్దు కనబడువరకు పదుమూడు పదునాలుగు దినములు పట్టునని ఇట్టి నిదర్శనముల వలన ఆయన నిర్ధారించెను. ఆయన కనుగొన్న రెండవ విషయము మఱింత ముఖ్యమైనది. 1781లో పసితనమున తట్టు వచ్చి బ్రదికిన వృద్ధులు ఇంకను కొందఱు దీవులలో ఉండిరి. వారిలో ఒక్కరికైనను 1846లో వ్యాధి మఱల రాలేదు. ఒకసారి వచ్చి తగ్గినచో జన్మాంతము రక్షణ కలుగునని దీనిచే తేలినది. రాకపోకలు మాని తలుపులు మూసికొన్న కొన్ని పల్లెలు రోగమును తప్పించుకొన్నవనియు ఆయన చూచెను.

పానుమ్ లెక్కలనుండి తరువాతివారు ఒక సూత్రము గ్రహించిరి. తట్టుకు మనుష్యుడే ఇల్లు. పశువులలో, నీటిలో, మట్టిలో అది దాగియుండలేదు. సోకిన మనుష్యుడు కొలది వారములలో గాని చనిపోవును, లేదా రక్షణ పొందును. కావున వ్యాధి నిలువవలెనన్న ఎడతెగకుండ కొత్త బిడ్డలు దొరకవలెను. సుమారు రెండున్నర మూడు లక్షల జనాభా గల నగరములో అట్లు ఎప్పటికప్పుడు కొత్త బిడ్డలు దొరకుదురని బార్ట్‌లెట్ అను ఆంగ్ల గణితవేత్త 1957లో లెక్కగట్టెను. అంతకంటె చిన్న ఊళ్లలో వ్యాధి తనంత తానే ఆరిపోవును. కొన్నేండ్లకు బయటినుండి మఱల వచ్చును. ఈ నడుమ పుట్టిన బిడ్డలందఱు ఎండుగడ్డి వామివలె పోగుపడియుందురు. నిప్పురవ్వ ఎప్పుడు పడునో తెలియదు గాని, వామి ఎంత పెరిగినదో మాత్రము లెక్కింపవచ్చును. ఊరిలో పదేండ్లుగా తట్టు లేదనుట అందుచేత నిశ్చింతకు కారణము కాదు. రక్షణ లేని బిడ్డలు ఊరిలో ఎందఱున్నారనునదే అడుగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న అడుగువారు లేని కాలమున ఒక దేశమునకు ఎంతటి విపత్తు కలిగినదో ఫిజీ చరిత్ర చెప్పును. పసిఫిక్ మహాసముద్రములోని ఆ దీవులను 1874 అక్టోబరులో అక్కడి రాజు తాకొంబౌ ఆంగ్లేయులకు అప్పగించెను. పిమ్మట ఆయన కుమారులతోను పరిజనముతోను ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు అతిథిగా వెళ్లెను. అక్కడ ఆయనకు తట్టు సోకి తగ్గినది. 1875 జనవరిలో డైడో అను యుద్ధనౌకపై తిరిగివచ్చునప్పటికి ఆయనతో వచ్చినవారిలో వ్యాధి ఉండెను. ఓడను దూరముగా నిలిపి ఉంచలేదు. రాజు తిరిగివచ్చెనని విని దీవులన్నిటినుండి నాయకులు దర్శనమునకు వచ్చిరి. వారు తమ తమ ఊళ్లకు పోవునప్పుడు రోగమును గూడ కొనిపోయిరి.

ఫిజీ ప్రజలలో అంతకుముందు తట్టు ఎఱిగినవారు లేరు. అందుచేత పిల్లలు, పెద్దలు, ముసలివారు అందఱు ఒక్కసారిగా పడకవేసిరి. వంట చేయువారు లేరు; నీళ్లు తెచ్చి ఇచ్చువారు లేరు. జ్వరతాపము భరింపలేక పలువురు చల్లని వాగులలో పోయి పరుండిరి. రోగముతో కొందఱు, ఆకలితో కొందఱు, రక్తవిరేచనములతో కొందఱు పోయిరి. కొలది మాసములలో సుమారు 40,000 మంది మరణించిరని చరిత్రకారుల అంచనా. అది జనాభాలో సుమారు నాల్గవ వంతు.

ఈ విపత్తునకును తెలుగువారికిని ఒక సంబంధము కలదు. జననష్టము పొందిన ఫిజీ ప్రజలను తోటపనులకు లాగరాదని ఆంగ్ల గవర్నరు ఆర్థర్ గార్డన్ నిశ్చయించెను. అందుచేత చెఱకు తోటలకు కూలీలు హిందూదేశమునుండి తేబడిరి. మొదటి ఓడ 1879లో చేరెను. 1903 మొదలు మద్రాసు రేవునుండి గూడ ఓడలు పోజొచ్చెను. వానిలో తమిళులతోను మలయాళీలతోను కూడ తెలుగు జిల్లాల కూలీలును వెళ్లిరి. 1916లో ఈ రవాణా ఆగునప్పటికి అరువదివేలకు పైగా భారతీయులు ఫిజీ చేరియుండిరి. తెరచాప ఓడలలో ప్రయాణము రెండు నెలలకు మించి సాగుటచే, ఓడలో తట్టు పుట్టినను ఒడ్డు చేరులోపల అది ఆరిపోవుటకు వ్యవధి ఉండెడిది. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణకాలము తగ్గిన తరువాత ఆ వ్యవధి పోయినది. వచ్చినవారిని నుకులావు అను చిన్న దీవిలో కొన్నాళ్లు నిలిపి, రోగము లేదని చూచి, పిమ్మట తోటలకు పంపుచుండిరి. 1875లో నేర్చిన గుణపాఠము అది.

దూరముగా నిలుపుట తప్ప వేఱుపాయము మఱి ఎనుబదియేండ్ల వరకు దొరకలేదు. 1954లో అమెరికాలోని బోస్టన్ నగర సమీపమున ఒక పాఠశాలలో తట్టు వచ్చినప్పుడు, ఎండర్స్, పీబుల్స్ అను శాస్త్రజ్ఞులు ఒక బాలుని రక్తమునుండి ఆ వైరస్‌ను వేఱుచేసి పెంచగలిగిరి. దానిని పలుమార్లు కణములలో పెంచి, బలహీనపఱచి, రోగము కలిగింపక రక్షణ మాత్రము కలిగించునట్లు చేసిరి. అదియే తట్టు టీకా. 1963లో అమెరికాలో దానికి అనుమతి లభించెను. 1968లో మఱింత సౌమ్యమైన టీకా వచ్చినది. 2000 సంవత్సరము మొదలు 2023 వరకు ఈ టీకా ప్రపంచములో ఆఱు కోట్లకు పైగా ప్రాణములను కాపాడినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన దేశములో 1978లో విస్తృత టీకా కార్యక్రమము మొదలైనను అప్పుడు అందులో తట్టు టీకా లేదు. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమము ఆరంభమైనప్పుడు తొమ్మిది నెలలు నిండిన బిడ్డలకు ఒక మోతాదు ఇచ్చుట మొదలైనది. 2010 మొదలు రెండవ మోతాదు చేర్చబడెను. 2017లో తట్టుకును రుబెల్లాకును కలిపి ఒకే టీకా ఇచ్చు పద్ధతి వచ్చినది. ఆ సందర్భమున తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్ల లోపు బిడ్డలందఱికి పాఠశాలలలోను, అంగన్‌వాడి కేంద్రములలోను టీకా వేసిరి. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఈ ఉద్యమము 2017 ఆగస్టులో జరిగెను. ఇప్పటి నియమము ప్రకారము మొదటి మోతాదు తొమ్మిది మొదలు పండ్రెండు నెలల లోపలను, రెండవ మోతాదు పదునాఱు మొదలు ఇరువదినాలుగు నెలల లోపలను వేయవలెను.

రెండు మోతాదులు ఎందుకని తల్లులు అడుగుట సహజము. తల్లి గర్భములో నుండగా బిడ్డకు కొంత రక్షణ సంక్రమించును. అది కొన్ని నెలలు ఉండి తరుగును. తొమ్మిదవ నెలలో దాని శేషము కొందఱు బిడ్డలలో మిగిలియుండి టీకాను పూర్తిగా పట్టనీయదు. కావున ఆ వయస్సున వేసిన టీకా నూటికి ఎనుబదియైదు మందికే పట్టును. ఏడాది దాటువరకు ఆగినచో ఎక్కువ మందికి పట్టును గాని, ఈలోపల రోగమే వచ్చిన బిడ్డ దక్కకపోవచ్చును. అందుచేత మొదట ఒకటి, తరువాత ఒకటి. రెండును పడినవారిలో నూటికి తొంబదియేడు మందికి రక్షణ కలుగును.

ఇచ్చట ఊరి లెక్క మొదలగును. ఎవరికిని రక్షణ లేని చోట తట్టు రోగి ఒక్కడు పండ్రెండు మొదలు పదునెనిమిది మందికి రోగము నంటించును. ఆ పదునెనిమిది మందిలో పదునేడుగురికి రక్షణ ఉన్నచో ఒక్కనికే అంటును. అప్పుడు వ్యాధి పెరుగజాలదు. ఆ ఒక్కనిని గూడ తగ్గించినచో అది ఆరిపోవును. నూటికి తొంబదియైదు మందికి రెండు మోతాదులు పడవలెనని ఆరోగ్య శాఖలవారు పట్టుపట్టుట ఇందువలననే. ఏటా నూరుగురు బిడ్డలు పుట్టు ఒక పెద్ద ఊరిని ఉదాహరణగా తీసికొందము. తొంబదిమందికి మొదటి టీకా వేసిరి, రెండవది వేయలేదు. తొంబది మంచి సంఖ్యగానే తోచును. కాని వారిలో నూటికి ఎనుబదియైదు మందికే టీకా పట్టుటచే రక్షణ కలిగినవారు డెబ్బదియాఱుగురు మాత్రమే. ఇరువదినలుగురు మిగిలిరి. నాలుగేండ్లలో అట్టివారు తొంబదియాఱుగురు పోగుపడుదురు. తొంబదియైదుగురికి రెండు మోతాదులును వేసిన ఊరిలో నాలుగేండ్లకు మిగులువారు ముప్పదిమందికి అటునిటు. రెండు ఊళ్లును కాగితముపై ఇంచుమించు సమానముగనే కనిపించును. రోగము వచ్చిన దినమున భేదము తెలియును.

సరాసరి లెక్క దాచు విషయము ఇంకొకటి కలదు. మిగిలిన బిడ్డలు ఊరంతట చెదరియుండరు. ఒకే వాడలో, ఒకే తండాలో, ఒకే ఇటుక బట్టీలో గుంపుగా ఉందురు. పని వెదకుకొనుచు ఊళ్లు మాఱు కుటుంబములలో మొదటి టీకా ఒక ఊర పడినచో, రెండవదాని గడువు వచ్చునప్పటికి బిడ్డ మఱియొక ఊర ఉండును. ఆ ఊరి పుస్తకములో దాని పేరు ఎక్కదు. ఈ ఊరి పుస్తకములో ఊరిలో లేరు అని వ్రాసికొందురు. 2014 డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ కార్యక్రమము ఇట్టి బిడ్డలను వెదకి పట్టుకొనుటకు ఉద్దేశింపబడినదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో ఏడాది దాటి రెండేండ్లు నిండని బిడ్డలలో నూటికి 87.9 మందికి మొదటి మోతాదు పడినది. ఇది సరాసరి. 2022 చివరి మాసములలో ముంబాయి నగరములో తట్టు ప్రబలినప్పుడు అది ఇఱుకు ఇండ్ల గోవండి ప్రాంతమున చెలరేగినది. కరోనా కాలమున టీకాలు తప్పిపోయిన బిడ్డలు అక్కడ పోగుపడియుండిరి. ఆ నగరమున పదిమందికి పైగా పసివారు తట్టుచే మరణించిరని అనుమానింపబడినది. ఆ సమయముననే కేరళలోని మలప్పురమునందును, రాంచీ, అహమ్మదాబాదులందును వ్యాధి హెచ్చుటచే కేంద్రప్రభుత్వము అక్కడికి వైద్య బృందములను పంపెను.

ధనము, వైద్యము సమృద్ధిగా ఉన్న దేశమునకు గూడ ఈ లెక్క తప్పలేదు. అమెరికాలో తట్టు నిర్మూలింపబడినదని 2000లో ప్రకటించిరి. 2025 జనవరిలో టెక్సస్ రాష్ట్రమున గెయిన్స్ అను చిన్న జిల్లాలో అది తలయెత్తినది. ఆ జిల్లాలో బడిలో చేరు బిడ్డలలో నూటికి 82 మందికే టీకాలు పడియుండెను. రాష్ట్రపు సరాసరి అంతకంటె చాల హెచ్చు. ఆగస్టులో వ్యాధి అణగునప్పటికి 762 మంది రోగులైరి. ఇద్దరు బాలికలు మరణించిరి.

టీకా ఎందుకు తప్పిపోవును? దూరము, పేదఱికము, వలస అను కారణములు పైన చెప్పబడినవి. అన్నిటికంటె కఠినమైన కారణము భయము. దానిని తేలికగా చూడరాదనుటకు సమోవా దీవుల కథ చాలును. రెండు లక్షల జనాభా గల ఆ దేశము ఫిజీకి ఈశాన్యమున ఉన్నది. 2018 జూలైలో అక్కడ ఇద్దరు పసిబిడ్డలు టీకా వేసిన కొలది నిమిషములలోనే మరణించిరి. టీకా పొడిని కలుపవలసిన నీటికి బదులు మత్తుమందు కలుపబడినదని విచారణలో తేలినది. దోషము టీకాది కాదు, కలిపిన చేతిది. ఇద్దరు నర్సులకు కారాగార శిక్ష పడినది. ప్రభుత్వము నెలల తరబడి టీకాలను నిలిపివేసినది. మఱల మొదలిడినను తల్లిదండ్రులు రాలేదు. వారిది అకారణ భయమని ఎవరనగలరు? బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని కన్నులార చూచినవారు వారు. ఆ యేట మొదటి మోతాదు పడిన బిడ్డలు నూటికి 31 మంది మాత్రమే.

2019లో రోగము వచ్చినది. సెప్టెంబరు మొదలు సంవత్సరాంతము లోపల 5,700 మందికి సోకినది. 83 మంది మరణించిరి. వారిలో చాలమంది ఐదేండ్లలోపు బిడ్డలు. నవంబరులో ప్రభుత్వము అత్యవసర స్థితి ప్రకటించి, పాఠశాలలు మూయించెను. డిసెంబరు 5, 6 తేదీలలో దేశమంతట కార్యాలయములు, అంగళ్లు మూసి, టీకా వేయువారిని ఇంటింటికి పంపిరి. టీకా పడనివారు గల ప్రతి యింటి ముందును ఎఱ్ఱగుడ్డ కట్టవలెనని ఆజ్ఞ. ఆ గుడ్డను చూచి టీకావారు ఆ యింటికి పోయిరి. కొలది వారములలో నూటికి తొంబదియైదు మందికి టీకా పడి వ్యాధి అణగినది. అదే కాలమున తట్టు పొరుగున ఉన్న ఫిజీకిని పోయెను. అయితే అక్కడ టీకా పడినవారు హెచ్చుగా నుండుటచే ముప్పదిమందికి లోపుగనే రోగులు తేలిరి, ఒక్కరును మరణింపలేదు. 1875లో నలువదివేల మందిని కోల్పోయిన దేశము అది.

సమోవావారి ఎఱ్ఱగుడ్డ తెలుగు పల్లెలకు పరిచయమైన మఱియొక గుఱుతును జ్ఞప్తికి తెచ్చును. అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టుట మన ఆచారము. అది చూచి పైవారు లోనికి రారు. ఇంటివారు పైకి పోరు. రోగము వ్యాపింపకుండ చూచుటకు మందులేని కాలమున అది కొంత ఉపకరించియుండును. అయితే తట్టు విషయమున అందొక లోపము కలదు. దద్దు కనబడుటకు నాలుగు దినముల ముందునుండియే రోగి పదిమందికి అంటించుచుండును. గుమ్మమునకు వేపమండ ఎక్కునప్పటికే రోగము వీధి దాటిపోయి యుండును. వేపమండ రోగమున్న యింటిని చూపినది. ఎఱ్ఱగుడ్డ రక్షణ లేని యింటిని చూపినది. మొదటిది వచ్చిన దానిని తెలుపును, రెండవది రాబోవు దానిని ఆపును.

తట్టు తగ్గుటతో కథ ముగియదనియు ఇటీవల తేలినది. తట్టు తగ్గిన బిడ్డ నెలల తరబడి ఏదో యొక జబ్బుతో తీసికట్టుగా ఉండుట తల్లులెఱిగినదే. తట్టు వైరస్ శరీరమునందలి రోగరక్షక కణములనే నాశనము చేయుటచే, బిడ్డ అంతకుముందు ఇతర వ్యాధులపై సంపాదించుకొన్న రక్షణలో 11 మొదలు 73 శాతము వరకు పోవునని 2019లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చూపినది. కావున తట్టు మరణములను లెక్కించునప్పుడు, అది తగ్గిన తరువాత వేఱొక వ్యాధితో పోయిన బిడ్డలు ఆ లెక్కలోనికి రారు.

2023 నాటికి తట్టును, రుబెల్లాను నిర్మూలింపవలెనని మన దేశము పూర్వము నిర్ణయించుకొనెను. అది నెరవేరమిచే గడువు 2026కు జరుపబడినది. గడువులు ఢిల్లీలో నిర్ణయింపబడును. లెక్క మాత్రము ఊరిలోనే తేలవలెను. ప్రతి ఊరికి ఆరోగ్య కార్యకర్త చేత ఒక పుస్తకమున్నది. ప్రతి తల్లి చేత ఒక కార్డు ఉన్నది. ఆ కార్డులో తట్టు టీకాకు రెండు గడులు ఉండును. ఎన్ని కార్డులలో ఆ రెండు గడులును నిండినవి, నిండనివి ఏ వాడలో ఉన్నవి, వలస వచ్చినవారి బిడ్డలు ఆ పుస్తకములో ఎక్కిరా లేదా అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసిన ఊరికి తన అపాయమెంతయో తెలియును. దీనికి పెద్ద చదువు అక్కఱలేదు. చదువను వ్రాయను నేర్చిన యువకులు నలుగురు, తల్లులతో మర్యాదగా మాటలాడగల స్త్రీలు నలుగురు ఆరోగ్య కార్యకర్తకు తోడుపడిన చాలును. భయపడు తల్లిని మందలించుటకంటె ఆమె ప్రశ్నకు సమాధానము చెప్పుట మేలు.

వెనుకటి తరముల పసిబిడ్డల లెక్క వ్రాసిపెట్టినవారు లేరు. ఆ పేళ్లు ఇక ఏ గ్రంథమునందును దొరకవు. ఇప్పుడు ఉయ్యాలలలో నున్న బిడ్డల పేళ్లు మాత్రము ఆ పుస్తకములో ఉన్నవి. ఎక్కని పేళ్లేవైన ఉన్నచో వానిని ఎక్కించుటకు ఇంకను సమయమున్నది.